డాక్టర్ డెల్బర్ట్ అలక

వెండెల్ హాకడేకి తాగుడు లేదు, పేకాట లేదు. అరవై మూడేళ్ళ జీవితంలో ఆయన నోటి వెంట ఒక్క చెడ్డమాట విన్నవాళ్ళు లేరు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే. ఆయన మేక అలుగుతుంది.

మేక అంటే ఆకులు మేసే మేక కాదు. స్పాంజితో, బొచ్చుగుడ్డతో చేసి, రెండు గాజుకళ్ళు అతికించి, చేతికి తొడుక్కుని ఆడించే బొమ్మ. పేరు డాక్టర్ డెల్బర్ట్. మూడు పెళ్ళిళ్ళు చేసుకుని మూడూ పెటాకులైనా సిగ్గులేకుండా, ఊళ్ళోవాళ్ళ కాపురాలు చక్కదిద్దుతానని బోర్డు కట్టుకున్న మేక. ఒంటి మీద టై తప్ప నూలుపోగుండదు. పోస్టరు మీద 'పెద్దలకు మాత్రమే' అని ఎర్రక్షరాలతో వేసే సినిమాలకి హీరో. మొదటి సినిమాలో జడ్జి తీర్పు చదువుతుంటే పిత్తింది. రెండో సినిమాలో సొంత మామగారి శవపేటిక ముందు, అందరూ తలలు వంచుకున్న సమయం చూసి పిత్తింది. ఇక దాని తిట్లు రాయడానికి ఈ కాగితం చాలదు, చాలినా అచ్చు వెయ్యరు. జనం మాత్రం థియేటర్లలో కుర్చీల మీంచి కింద పడి నవ్వేవాళ్ళు.

ఇంత తెగించిన మేకకి రోషం మాత్రం ముక్కుమీదే ఉండేది.

మూడో సినిమా వాన్ నైస్ అనే పేటలో తీస్తున్నారు. టైర్ల గోడౌను పక్కన పెద్ద రేకుల షెడ్డు, అదే స్టూడియో. షూటింగు జరుగుతుంటుంది, మేక జోరుగా ఎవరినో తిడుతుంటుంది, ఉన్నట్టుండి నోరు మూసుకుంటుంది. గడ్డం గుండెకి ఆనించుకుంటుంది. ఎడమచేత్తో టై లాగి విసిరేస్తుంది. వెండెల్ దాన్ని మెల్లగా తీసి స్టాండుకి తగిలించి, నెత్తిన చారల తువ్వాలు కప్పి, ఫ్లాస్కులో టీ కప్పులోకి వంపుకుని, "డెల్బర్ట్ మనసు నొచ్చుకుందండీ. నేనేం చెయ్యను" అనేవాడు. నొప్పించినవాళ్ళు వచ్చి క్షమాపణ చెప్పాలి. వెండెల్‌కి కాదు, తువ్వాలుకి. చెప్పినా తువ్వాలు వెంటనే కరగదు. పావుగంట పడుతుంది, ఒక్కోసారి ఇరవై నిమిషాలు. కొత్తల్లుడి అలకపాన్పు అయినా ఒక్క పూట ముచ్చట. ఈ మేక తొమ్మిదేళ్ళ నుంచి అలుగుతోంది.

ఈ వైభోగమంతా అందరికంటే దగ్గరగా చూసింది మిలాగ్రోస్ అబాద్. ఎంత దగ్గరగా అంటే, ఆమె చెంప వెండెల్ చంకలో ఉండేది.

అది వాళ్ళ పని పద్ధతి. సెట్టు నేల మనిషి ఎత్తున కడతారు. ఆడించేవాళ్ళు దాని కింద, చక్రాల స్టూళ్ళ మీద ఒకరినొకరు అతుక్కుని కూర్చుని, చేతులు పైకెత్తి, ముందున్న బుల్లి టీవీలో చూసుకుంటూ ఆడిస్తారు. మేక తలా, ఎడమచెయ్యీ వెండెల్‌వి. కుడిచెయ్యి మిలాగ్రోస్‌ది. మేక ముక్కులో వేలు పెట్టుకుంటే జనం వెండెల్‌ని మెచ్చుకునేవాళ్ళు గానీ, ఆ వేలు ఆమెది. ఆ సంగతి ఆమె ఎక్కడా చెప్పుకునేది కాదు. పనోరమా సిటీలో ఆమె వెళ్ళే చర్చిలో మరీ చెప్పుకునేది కాదు. అక్కడ ఆమె పిల్లల బొమ్మల సినిమాల్లో పనిచేస్తుందని అందరి నమ్మకం. ఓసారి ఫాదర్ ఆన్సెల్మో ముచ్చటపడి, పిల్లల పండక్కి ఆ మేకని తీసుకురమ్మన్నారు. మేకకి ఒంట్లో బాగాలేదని చెప్పి, ఆ అబద్ధానికి మరుసటివారం ఆయన దగ్గరే పాపసంకీర్తనం చేసుకుంది.

అలకలకి కారణాలంటారా, వాటికి అంతులేదు. సౌండు చూసే ఆయన ఒకసారి పొరపాటున దాన్ని 'గొర్రె' అన్నాడు. పోయింది పూట. ఇంకోసారి షెడ్డు బయట ఆగే టాకోల బండి, అంటే మాంసం చుట్టిన రొట్టెలమ్మే బండి, వాసన లోపలికొచ్చింది. అప్పుడు డెల్బర్ట్ ఒక ఫ్లెమింగో పిట్టతో పక్కమీద ఉన్నాడు. ఆ పనిలోంచి లేచి కూర్చుని, గాలి పీల్చి, "ఆ కుండలో ఉడుకుతున్నది మా మేనమామ" అన్నాడు. బండి ఆవిడ దోన్యా చేలా ఆప్రాన్‌కి చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చి, ఆ రోజు కుండలో ఉన్నది ఎద్దుమాంసమేనని తువ్వాలు ముందు ప్రమాణం చేసింది. తర్వాత ఆకుకూర చుట్టిన రొట్టె ఒకటి తెచ్చి నైవేద్యం పెట్టింది. దాన్ని వెండెల్ తిన్నాడు.

మిలాగ్రోస్‌కీ ఒకసారి వంతు వచ్చింది. ఓ మధ్యాహ్నం వాళ్ళ పెద్దమ్మ నూడుల్సు వండి షెడ్డుకి తెచ్చింది. మిలాగ్రోస్ వంగి, ఆవిడ చెయ్యి అందుకుని తన నుదుటికి ఆనించుకుంది. పెద్దవాళ్ళు ఎదురైతే అలా చెయ్యడం ఫిలిప్పీన్స్ వాళ్ళ మర్యాద. వెండెల్ అది చూశాడు. నాలుగు రోజుల తర్వాత మేక కొమ్ము ఊడి సూపులో పడితే మిలాగ్రోస్‌కి నవ్వాగలేదు. అంతే, మేక తిరిగి చూసింది.

"నవ్వావు కదూ. మీ పెద్దమ్మకి చేసినట్టు నా చెయ్యి కూడా నుదుటికి ఆనించుకో, క్షమిస్తాను."

"కుయా," అంది మిలాగ్రోస్. వాళ్ళ భాషలో అన్నయ్యని అలా పిలుస్తారు. ఆమె వెండెల్‌ని తొమ్మిదేళ్ళుగా అలాగే పిలిచేది. "మా అమ్మమ్మకి చేశాను, బిషప్పుగారికి చేశాను. మేకకి చేస్తే నన్ను స్వర్గం గుమ్మం కూడా తొక్కనివ్వరు."

"అయితే నేను అలిగాను" అంది మేక. ఇరవై రెండు నిమిషాలు.

ఆ ఇరవై రెండు నిమిషాలూ కాగితమ్మీద ఎక్కాయి. ఎక్కించింది హాస్మిక్, ఆ సినిమాకి అసిస్టెంటు డైరెక్టరు. గ్లెండేల్ నుంచి వచ్చే అర్మీనియా ఆవిడ. మెడలో స్టాపువాచీ, జుట్టుముడిలో పెన్సిలు. ఆలస్యమైన ప్రతి నిమిషానికీ కారణం రాయడం ఆవిడ ఉద్యోగం. దీపం పేలింది, ఆరు నిమిషాలు. నెత్తిమీంచి విమానం పోయింది, నాలుగు. మేక అలిగింది, పంతొమ్మిది. ఏనుగులతో పనిచేశాను, చంటిపిల్లలతో పనిచేశాను, ముగ్గురు సవతులున్న సినిమా కూడా చేశాను, వాళ్ళెవరూ ఇంత అలగలేదని మిలాగ్రోస్‌తో మొరపెట్టుకునేది.

మిలాగ్రోస్ అవునవునని తల ఊపేది. లోపల మాత్రం ఆ మేక అలకలకి వెయ్యి దణ్ణాలు పెట్టుకునేది.

ఎందుకంటే ఆమె కుడిభుజం పాడైపోయింది. ఇరవై ఏళ్ళు చెయ్యి పైకెత్తి చేసిన పని. నొప్పి మొదలై తొమ్మిదేళ్ళు దాటింది. లోపలి నరం పాతతాడులా పీచులు పీచులైందనీ, కోసి కుట్టాలనీ డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ కావాలంటే వచ్చే ఏడాది ఇన్సూరెన్సు ఉండాలి. అది పనిచేసిన రోజుల లెక్కన ఇస్తారు కనుక, ఈ సినిమాలో చివరిరోజు దాకా పనిచెయ్యాలి. భుజం సంగతి బయటికొచ్చిందంటే భోజనాల వేళకల్లా వేరే కుడిచెయ్యి వచ్చి కూర్చుంటుంది. అందుకని చెల్లెలికి కూడా చెప్పకుండా పళ్ళ బిగువున నెట్టుకొస్తోంది. చెయ్యెత్తిన పది నిమిషాలకి భుజం మండేది. ఇరవై నిమిషాలకి వేళ్ళు తిమ్మిరెక్కేవి. ఇక నావల్ల కాదు, దించేస్తాను అనుకునేసరికి, సరిగ్గా అప్పుడు, మేక అలిగేది.

ఇదంతా సెయింట్ జూడ్ మహిమేనని మిలాగ్రోస్ నిశ్చయించుకుంది. ఇక ఏ ఆశా లేనివాళ్ళని ఆదుకునేది ఆయనే. ప్రతి ఆదివారం ఆయన ముందు కొవ్వొత్తి వెలిగించి, ఈ వారం ఆరు అలకలు ఇప్పించావు తండ్రీ, వచ్చే వారం కూడా ఆ పిచ్చాయన బుర్రలో కాస్త దూరు, అని మొక్కుకునేది. పిచ్చాయన అంటే వెండెల్.

షూటింగు ఇంకా పది రోజులుందనగా పెళ్ళివిందు సీను వచ్చింది. సినిమాకి అదే పట్టుగొమ్మ. డెల్బర్ట్ పూటుగా తాగి, ఊరి మేయరైన టర్కీకోడి మీద నిమిషంసేపు ఆగకుండా వాంతి చేసుకోవాలి. పచ్చబఠానీల సూపు రెండు బకెట్లు తయారు. గొట్టం వెండెల్ చొక్కా చేతిలోంచి మేక నోట్లోకి పోతుంది. మొత్తం ఆరు నిమిషాల షాటు, మధ్యలో కట్ లేదు, మేక కుడిచేతిలో ఆసాంతం పెద్ద షాంపేను సీసా.

ముందురోజు నిర్మాత బ్రెంట్ ఓల్సన్ హాస్మిక్ కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఈ సినిమాలో మేక అలకలన్నీ కలిపితే రెండు రోజుల పని పోయిందన్నాడు. చెడ్డవాడేం కాదు, విసిగిపోయాడు. అందరి ముందూ వెండెల్‌తో, "ఇంకొక్కసారి అలిగితే ఆ మేకలోంచి నీ చెయ్యి తీసి వేరే చెయ్యి పెడతాను" అన్నాడు.

"డెల్బర్ట్‌కి చెబుతానండీ" అన్నాడు వెండెల్ వినయంగా.

ఆ సాయంత్రం మిలాగ్రోస్ పని మానుకుని మరీ ఆయన దగ్గరికెళ్ళింది. "కుయా, రేపొక్కరోజు మేకని ఓర్చుకోమనండి. మీ ఉద్యోగం పోతుంది."

"నా చేతిలో ఏముంది మిలా, దాని స్వభావం అది" అన్నాడాయన.

ఇంటికెళ్ళే దారిలో చర్చి దగ్గర కారాపి, సెయింట్ జూడ్‌కి ఈసారి తిరగేసి మొక్కింది. రేపు అలక వద్దు తండ్రీ, నా భుజం తిప్పలు నేను పడతాను, ఆ పిచ్చాయన పొట్ట కొట్టకు.

మర్నాడు మూడు టేకులు చెడిపోయాయి. నాలుగోది దివ్యంగా వస్తోంది. మేక ఊగుతోంది, తూలుతోంది, పెళ్ళికూతురి తల్లిని కన్నుగీటి పిలుస్తోంది. సీసా బరువుకి నాలుగో నిమిషంలోనే మిలాగ్రోస్ వేళ్ళు తిమ్మిరెక్కాయి. పెదవి కొరుక్కుంది. సీసా ఒక వెంట్రుకవాసి ఒరిగింది. మేక వాంతి మొదలుపెట్టి, సగంలో ఆపి, మేయరు మీద పడిన సూపుని వంగి వాసన చూసింది.

"ఇదేం వాంతి? నా జీవితంలో ఇంతకంటే మంచి వాంతులు చేసుకున్నాను. నాకిది అవమానం" అని నోరు మూసుకుంది. గడ్డం గుండెకి ఆనించి టై లాగి విసిరేసింది.

బ్రెంట్ తలుపు వైపు చూపించాడు. వెండెల్ మేకని స్టాండుకి తగిలించి, తువ్వాలు కప్పి, ఫ్లాస్కు చంకన పెట్టుకుని, అందరికీ నమస్కారంలా తల వంచి వెళ్ళిపోయాడు. మిలాగ్రోస్ బాత్రూములోకెళ్ళి తలుపేసుకుని, ఈ మనిషికి కాస్తయినా బుద్ధి లేదే అని తిట్టుకుంటూ ఏడ్చింది. భుజం మాత్రం అప్పటికి తేలికపడింది.

గురువారం వెండెల్ బదులు కర్టిస్ వచ్చాడు. మంచి పనివాడు, నెమ్మదస్తుడు. అతని చేతిలో డెల్బర్ట్ బుద్ధిగా, చెప్పిన చోట చెప్పిన తిట్టు తిట్టాడు. అరగంట గడిచింది. ఎవరూ నవ్వలేదు గానీ ఎక్కడా ఆగలేదు. అప్పుడు సెట్టు కింద కర్టిస్ మిలాగ్రోస్ వైపు తిరిగాడు.

"నీ భుజానికేమైంది? ఇందాకటి నుంచీ మేక గుండె అదురుతోంది. నీ చెయ్యి వణికినప్పుడల్లా నా మోచేతికి తగులుతోంది."

మంచికే అడిగాడు పాపం. కానీ నోటి ముందు మైకుంది. షెడ్డంతా వినపడింది.

ఉద్యోగం పోయిందని భయపడాల్సిన మిలాగ్రోస్‌కి ఆ సమయంలో భయం తట్టనే లేదు. ఇతనికి అరగంటలో తెలిసిపోయింది. అదే మేక, అదే గుండె. తొమ్మిదేళ్ళుగా అక్కడున్న మోచెయ్యి వెండెల్‌ది. గొర్రె అన్నందుకు, మేనమామ వాసనకి, కొమ్ము ఊడినందుకు, ఉప్పుకి, పప్పుకి అలిగిన ప్రతి అలకా ఒక్కటొక్కటే గుర్తొచ్చింది. ఒక్కటి కూడా తన వేళ్ళు తిమ్మిరెక్కకముందు రాలేదు. తొమ్మిదేళ్ళు ఆ పెద్దమనిషి లోకంచేత పిచ్చివాడనిపించుకున్నాడు, తను కూడా అంది. చెయ్యి దించి, స్టూలు మీద అలాగే కూర్చుండిపోయింది.

పైన హాస్మిక్ గబగబా పాత కాగితాలు తిరగేసింది. తర్వాత వంగి సెట్టు కిందికి తల పెట్టింది. ఆవిడ గొంతు అంత నెమ్మదిగా ఎవరూ వినలేదు; పైగా అర్మీనియా వాళ్ళు ప్రాణంలాంటివాళ్ళని పిలిచే 'జాన్' కూడా పేరుకి కలిపింది. "నువ్వు మీ అక్క కూతురి పెళ్ళికి ఫిలిప్పీన్స్‌లో సెబూకి వెళ్ళిన నాలుగు రోజుల కాగితాలు చూశాను, మిలా జాన్. ఆ నాలుగు రోజులూ మేక ఒక్కసారి కూడా అలగలేదు."

బ్రెంట్ వచ్చాడు. కండరం పట్టేసిందని చెప్పి మిలాగ్రోస్ తప్పించుకోవచ్చు. కర్టిస్ కూడా సరేనన్నట్టు చూశాడు. మిలాగ్రోస్ బయటికొచ్చి నిలబడింది.

"అలిగింది మేక కాదు సార్, నా భుజం. ఆయన్ని వెనక్కి పిలవండి. కావాలంటే నన్ను తీసెయ్యండి."

"ముందే చెప్పొచ్చుగా" అన్నాడు బ్రెంట్.

"చెబితే ఏం చేసేవాడివి?" అంది హాస్మిక్.

ఆవిడే ముడిలోంచి పెన్సిలు లాగి, మర్నాటి పని కాగితమ్మీద రాసింది. పదకొండుకి మేక అలక, పావుగంట. రెండింటికి మేక అలక, పావుగంట. నాలుగింటికి ఇంకొకటి. ఎలాగూ లైట్లు మార్చుకోవాలి, అది అలిగినంతసేపూ ఇవి మార్చుకుందాం అంది. ఆ సీసా బరువు తగ్గించి అట్టతో చేయించమని కూడా రాసింది. బ్రెంట్ చదివి సంతకం పెట్టాడు. మరి ఆ ముసలాయనకి ఎవరు ఫోన్ చేస్తారని అడిగాడు.

"ఫోన్ చేస్తే రాడు. మేక ఇంకా అలకలోనే ఉంది. పద్ధతి నీకు తెలుసుగా" అంది హాస్మిక్.

ఆ విధంగా, సూటు వేసుకున్న నిర్మాత నలభై మంది ముందు చారల తువ్వాలుకి క్షమాపణ చెప్పాడు. మీ వాంతి నిజంగానే ఇంతకంటే బాగుండాల్సింది అని కూడా ఒప్పుకున్నాడు. కర్టిస్ ఆ మాటలు ఫోన్‌లో వెండెల్‌కి వినిపించాడు. అవతలి నుంచి మేక గొంతు వచ్చింది: "సూపులో ఉప్పెయ్యమను."

శుక్రవారం పొద్దున్న మిలాగ్రోస్ గేటు దగ్గరే కాచుక్కూర్చుంది. చెప్పాల్సింది ముందే మనసులో వరసపెట్టుకుంది. వెండెల్ కారు దిగీదిగగానే, ఎండలు మండిపోతున్నాయన్నాడు. హైవే మీద కార్లు కదలడం లేదన్నాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. ఆమె "కుయా, ఇన్నేళ్ళూ మీరు..." అనేలోగా గబగబా లోపలికెళ్ళి, మేకని చేతికి తొడుక్కున్నాకే ఆమె ముఖంలోకి చూశాడు.

"నీకోసం అలిగానని ఎవరే చెప్పింది?" అంది మేక. "నీ ముఖానికి అంత లేదు. నేను మర్యాద గల మేకని, నాకు రోషమెక్కువ. పోయి నా చెయ్యి ఎత్తు. లేకపోతే ముడ్డి ఎవడు గోకుతాడు?"

మిలాగ్రోస్ వెళ్ళి చెయ్యి ఎత్తింది.

పెళ్ళివిందు సీను మొదటి టేకులోనే వచ్చింది. మేక తాగింది, తూలింది, మేయరు ఈకలన్నీ పచ్చబడేట్టు నిమిషం పైన ఎనిమిది సెకన్లు కక్కింది. ఆ ఎనిమిదీ వెండెల్ సొంతం. కట్ అనగానే షెడ్డు మొత్తం చప్పట్లు కొట్టింది. అందరూ చెయ్యి దించెయ్యమన్నారు. ఆమె దించలేదు.

మేక కుడిచెయ్యి సీసాని పక్కన పెట్టింది. మేక ఎడమచేతిని పట్టుకుంది. అందులో ఉన్నది వెండెల్ చెయ్యి. మెల్లగా దాన్ని సెట్టు అంచు దాటించి, కిందికి లాగి, మిలాగ్రోస్ వంచిన నుదుటికి ఆనించింది. ఆ బొచ్చుచెయ్యి బఠానీ సూపు కంపు కొడుతోంది. ఆమె దాన్ని అలాగే పట్టుకుని ఉంచింది.

మేక మాట్లాడబోయింది. నోరు తెరిచి మూసింది. మళ్ళీ తెరిచింది. మైకులోంచి ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. చివరికి, "సూపు కంట్లో పడింది" అంది. గాజుకళ్ళకి మంటేమిటని ఎవరూ అడగలేదు. హాస్మిక్ కాగితం తీసి, 'మేక కంట్లో సూపు, ఐదు నిమిషాలు' అని రాసుకుంది.

సినిమా చివరిరోజు దాకా మేక కుడిచెయ్యి మిలాగ్రోస్‌దే. ఫిబ్రవరిలో ఆపరేషన్ అయింది, బాగానే అయింది. ఆరు వారాలు చెయ్యి కదపొద్దన్నారు. కట్టుతోనే చర్చికెళ్ళి, ఎడమచేత్తో సెయింట్ జూడ్ ముందు కొవ్వొత్తి వెలిగించింది. దాని పక్కనే ఇంకొకటి వెలిగించింది. ఫాదర్ ఆన్సెల్మో చూసి, రెండోది ఎవరికమ్మా అని అడిగారు.

"ఆయనా సెయింటే ఫాదర్" అంది మిలాగ్రోస్. "నోరే కాస్త మంచిది కాదు."